పీపా అడుగున రాగి

శాంప్రోల్,
నవంబరు, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన సొలాంజ్‌కు,

మొన్న ఫోనులో నేను మాట్లాడిన తీరుకు నువ్వు నొచ్చుకునే ఉంటావు. వైను బాగుంది, నేను బాగున్నాను, అత్తగారిని అడిగానని చెప్పు అని ముక్తసరిగా ముగించి పెట్టేశాను. ఊరికంతటికీ ఉన్న ఒక్క ఫోనూ కెఫే బల్ల మీదే ఉంది. నేను రిసీవరు అందుకోగానే పేకాట ఆగుతుంది. అర్మాన్ పైపులో పొగాకు దట్టడం కూడా ఆపేసి నావైపు చూస్తాడు. అంతమంది చెవుల నడుమ చెప్పగలిగిన సంగతి కాదు ఇది. అందుకే కాగితం ముందు కూర్చున్నాను.

నాకు వాసన తెలియడం లేదు.

నువ్వు మీ అమ్మ కోసం బ్రెటనీ రైలెక్కిన వారానికి జ్వరం వచ్చిందని రాశాను. తగ్గిందని కూడా రాశాను. ఆ రెండూ నిజమే. రాయని సంగతి ఒకటి ఉంది: జ్వరం పోతూ పోతూ ముక్కును వెంటబెట్టుకు పోయింది. మొదట జలుబనుకున్నాను. జలుబు తగ్గినా వాసన రాలేదు. పొద్దున్నే కాఫీ పెట్టుకుంటే వేడి చేదు నీళ్ళు తాగినట్టుంది. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండుతున్నాయి గాని ఉల్లిపాయ అక్కడ లేదు. నీ దిండు గలీబు మార్చకుండా ఉంచుకున్నాను. ఇప్పుడది ఉత్త గుడ్డ.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మాళిగ తలుపు తీసినప్పుడు తగిలింది. రసం పొంగే రోజుల్లో మన నేలమాళిగ ఊపిరి వీధి మలుపు దాకా వస్తుందని నీకు తెలుసు. నేను తలుపు తీసి నిలబడితే మొహానికి చల్లగాలి తగిలింది. చీకటి, పీపాల్లో బుసబుస చప్పుడు, అంతే. ఎవరూ లేని ఇంటి తలుపు తట్టి నిలబడ్డట్టు నిలబడ్డాను.

పట్నం డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, రావచ్చు, రాకపోవచ్చు, కొందరికి వసంతంలో వస్తుంది అన్నాడు. మీరేం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు మిగిలాయి. వాటితో వంట చేసుకోవచ్చు గాని వైను చేయలేం. పీపాలో ఏది చెడినా ముందు వాసనే చెబుతుంది. నాలుక దాకా వచ్చేసరికి చేయి దాటిపోతుంది. మా నాన్న చనిపోయిన ఏడాది బడి మానేసి ఈ పని చేతబట్టాను. ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను, తెలుసుకున్నదల్లా వరసగా రాసిపెట్టుకున్నాను. కాని చివరికి పీపా మీద వంగి, ఔను, కాదు అని తేల్చినది ముక్కే.

ఎవరికీ చెప్పలేదు. అయినా ఊరు కనిపెట్టిందని నా అనుమానం. పిలవనిదే ఒకరి మాళిగలో ఒకరం అడుగు పెట్టని ఊరు కదా మనది. ఇప్పుడు మన మాళిగకు రాకపోకలు ఆగడం లేదు. అర్మాన్ నిచ్చెన అడిగి తీసుకుపోయాడు, తిరిగి ఇచ్చాడు, మళ్ళీ అదే నిచ్చెన కోసం వచ్చాడు.

“మేడే లేని ఇంటికి ఇన్నిసార్లు నిచ్చెనేమిట్రా?” అన్నాను.

“మా ఆవిడ అటకెక్కి అలిగి కూచుంది. దింపొద్దా మరి?” అని పళ్ళికిలించి తిన్నగా పీపాల వైపు నడిచాడు. నిచ్చెన వాకిట్లో గోడకు ఆనించి ఉంది. దాని పక్కనుంచే వచ్చాడు.

బెర్తమ్మ సూపు గిన్నె పట్టుకొచ్చి మాళిగలోనే స్టూలు వేసుకుంటోంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, పైగా నవంబరు చలి. “ఇక్కడ చల్లగా హాయిగా ఉందిరా అబ్బాయ్,” అంటోంది. ప్రహరీ తగాదా తర్వాత మన గడప తొక్కని వోషియే గారు కూడా వచ్చారు. “ఊరికే ఇటు వెళ్తూ ఆగానండి,” అన్నారు. మన ఇల్లు దాటితే దారి లేదు, వాగు ఉంది.

వీళ్ళెందుకు వస్తున్నారో నాకు అర్థమైంది. దక్షిణపు వాలు మీద మన ద్రాక్షతోట అందరి కళ్ళలోనూ పడి ఉన్నదే. కూలబోయే గొడ్డు చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నారు. ఇన్నేళ్ళు వాళ్ళ మధ్య బతికి ఈ వాక్యం రాయవలసి వచ్చినందుకు, ముక్కు పోయినదానికంటే ఎక్కువ బాధపడుతున్నాను.

అందువల్ల ఒక నిర్ణయానికి వచ్చాను. తోట, మాళిగ వోషియే గారికి కౌలుకిస్తాను. ఆయన ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నదే. లోయలో కోతమిల్లువాళ్ళు నాకు పని ఇస్తామన్నారు. చెక్క కొలవడానికి ముక్కు అక్కర్లేదు. జనవరిలో పునీత విన్సెంట్ పండుగ లోపలే ఇది తేలిపోవాలి. ఆ రోజు ప్రతి ఇంటివాడూ తన కొత్త వైను అందరి బల్ల మీద పెట్టి, తానే పోసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాకు తెలియని దాని గురించి నేనేం చెప్పగలను? నా వైను చెడి ఉంటే ఆ సంగతి నాకంటే ముందు ఊరికి తెలుస్తుంది. అలా నిలబడటం కంటే తోట లేనివాడిగా ఆ బల్ల దగ్గరకు వెళ్ళకపోవడమే మర్యాద.

అత్తగారి తుంటి ఎముక ఎలా అతుక్కుంటోందో రాయి. ఈ విషయం మాత్రం ఆమెకు చెప్పకు.

నీ ఎమిలియన్


బ్రెటనీ నుంచి,
నవంబరు ఆఖరు

నా మొండి ఎమిలియన్‌కు,

నీ ముక్కు సంగతి చదివి ఏడ్చాను. కింద తోట ఇచ్చేస్తానని చదివాక ఏడుపు ఆగిపోయింది, కోపం వచ్చింది గనక. ముక్కు నీది. తోట మనిద్దరిదీ. పెళ్ళయినప్పట్నుంచీ ప్రతి చలికాలం ఆ వాలు మీద వంగి తీగలు కత్తిరించింది నేను కూడా. నన్నడిగావా? ‘ఒక నిర్ణయానికి వచ్చాను’ అని రాశావు, నోటరీ రాసినట్టు.

ఇక మనవాళ్ళ సంగతి. అర్మాన్‌కి నీ తోటెందుకు? వాడికి వాడి తోటే బరువు. బెర్తమ్మ ఈ వయసులో కౌలు చేస్తుందా? నువ్వు అన్నీ వరసలో పేర్చుకుంటావు, ఆ వరసలో మనుషుల్ని కూడా పెట్టేస్తావు. నేనైతే ఒక్క మాట అడిగేదాన్ని: ఎందుకొచ్చారర్రా అని.

అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పేశాను. కాలు కదపకూడని మనిషి మంచం ఊగేలా నవ్వింది. “పెళ్ళికి ముందునుంచీ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేశాను, ఆ వరమేదో నాకివ్వొచ్చుగా దేవుడు?” అంది. ఆ తర్వాత అటు తిరిగి నీకోసం జపమాల తిప్పుతోంది, నేను చూడలేదనుకుని.

ఇక్కడ ఇంకా రెండు నెలల పని ఉంది. నేను వచ్చేదాకా ఆగు.

సొలాంజ్


శాంప్రోల్,
డిసెంబరు, మంచు పడుతున్న రోజు

ప్రియమైన సొలాంజ్‌కు,

నీ కోపం న్యాయమైనదే. నిన్ను అడగకుండా నిర్ణయించడం సరిగాదు. సిగ్గు మనిషిని తొందరపెడుతుంది, నా తొందర అక్కడినుంచి వచ్చింది. అడగమన్నావు గనక అడిగాను. “అర్మాన్, నిజం చెప్పు, ఎందుకొస్తున్నావు?” అన్నాను. వాడు నా కళ్ళలోకి చూసి, “నిచ్చెన కోసం,” అన్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహంలో వాడు నాతో అబద్ధమాడటం అదే మొదటిసారి.

పోయిన గురువారం వోషియే గారు వచ్చారు. కౌలు మాట నేనే ఎత్తాను. ఇచ్చేవాడు సరుకు చూపించాలి కదా అని, వాలు పైభాగపు పళ్ళతో చేసిన మూల పీపాలోంచి గ్లాసు నింపి చేతికిచ్చాను. ఈ ఏడు నేను ఆశ పెట్టుకున్న పీపా అది. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయారు. తాగలేదు. నా మొహం చూశారు. తర్వాత గ్లాసును చాలా జాగ్రత్తగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, పీపా మీద పెట్టారు.

“ఎలా ఉందండీ?”

“చలికి ముడుచుకుని ఉందండి. తర్వాత చూద్దాం.”

“మరి కౌలు?”

“అదీ తర్వాత చూద్దామండి,” అని టోపీ పెట్టుకుని, చేతి తొడుగు ఎక్కడో పడిపోయింది, దీపం కాస్త తెచ్చిపెట్టమన్నారు. దీపం తెచ్చేసరికి ఆయన పీపా పక్కనే ఉన్నారు. తొడుగులు రెండూ చేతులకే ఉన్నాయి.

నిక్కచ్చి మనిషిగా పేరున్న వోషియే గారి మొహంలో ఆ రోజు నేను చూసింది జాలి. లోభం భరించగలను, ఎదిరించగలను. జాలిని ఏం చేయాలో నాకు తెలియదు. మర్నాడే నోటరీ దగ్గరకు వెళ్ళి కౌలు కాగితం రాయించాను. ఇందులో పెడుతున్నాను. అడుగున నీ సంతకం కావాలి. నువ్వు కాదంటే నేను చేయలేనని నోటరీ కూడా చెప్పాడు. అందుకే ఇది ఆజ్ఞ కాదు, వేడుకోలు. పండుగ రోజున నన్ను ఆ బల్ల దగ్గర నిలబెట్టకు.

నీ ఎమిలియన్


శాంప్రోల్,
జనవరి, పండుగ ముందు రోజు

నా ప్రియమైన సొలాంజ్‌కు,

ముందుగా, మిగతాది చదవకముందే, ఒక మాట. ఆ కాగితం మీద సంతకం చేయకు. చేసి ఉంటే అత్తగారి పొయ్యిలో పెట్టు.

ఇక జరిగినది జరిగినట్టు రాస్తాను. అప్పగించే ముందు పీపాలన్నిటిలో మడ్డి మీది తేట తీసి, కడిగి, శుభ్రంగా ఇవ్వాలనుకున్నాను. నిన్న గాలి పొడిగా ఉండి ఆకాశం తేరుకుంది. పనికి అనువైన రోజు. మూల పీపా దగ్గరకు వచ్చేసరికి వైను మసకమసకగా, ఎర్రమట్టి కలిసిన నీళ్ళలా దిగింది. నాలుక మీద వేసుకుంటే పాత తాళంచెవి చప్పరించినట్టుంది. పూర్తిగా తొట్టిలోకి వంచేసి, కడగడానికి పీపాను దొర్లించాను. లోపల గలగలమని చప్పుడైంది.

రంధ్రం కిందికి తిప్పి కుదిపాను. మొదట తోటకు మందు కొట్టే పాత పంపు గొట్టం ముక్క ఒకటి పడింది. దాని తర్వాత పళ్ళపాకం కలిపే గరిటె కాడ, చివర నూలుపోగు వేలాడుతూ. చివరికి ఎంత కుదిపినా రాకుండా సతాయించి, తాళాల గుత్తికి ఉండే చిన్న బిళ్ళ ఒకటి పడింది. దాని మీద వోషియే గారి తాత పొడి అక్షరాలున్నాయి. మూడూ రాగివే. మూడూ నాకు తెలిసినవే. ఆ పంపు అర్మాన్‌ది. ఆ గరిటెతో బెర్తమ్మ మన పెళ్ళికి పాకం కాచింది.

నీకు నేను చెప్పనక్కర్లేదు: పీపాకు కుళ్ళిన గుడ్ల కంపు పడితే రాగిముక్క ఒక పూట వేసి తీసేయడం మన పెద్దల వైద్యం. వారాల తరబడి నానితే రాగే వైనును పాడుచేస్తుంది. కాని నాకు ఆ క్షణంలో వైద్యం తోచలేదు. కావాలనే చెడగొట్టారనుకున్నాను. తడి చేతులతోనే మూడింటినీ జేబులో వేసుకుని, పండుగ బెంచీలు సర్దుతున్న హాలుకు వెళ్ళాను. ముగ్గురూ అక్కడే ఉన్నారు, ఇంకా సగం ఊరు ఉంది. బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాను.

“ఇవి నా పీపాలో దొరికాయి. ఎవరివో వాళ్ళు తీసుకోండి.”

 బెర్తమ్మ ముందు కదిలింది. గరిటె కాడ తీసుకుని తుడుచుకుంది.

“నాదే. దాచి ఏం లాభం,” అంది. “డిసెంబరు మొదట్లో ఆ పీపా గుడ్లకంపు కొడుతోందిరా అబ్బాయ్. నువ్వు దాని పక్కనే నుంచుని ఈల వేసుకుంటున్నావు. నీ మొహం చూసి చెప్పలేక వేసేశాను. మర్నాడు తీద్దామంటే ముదనష్టపు దారం తెగింది.”

అర్మాన్ చేతిలో బెంచీ కింద పెట్టాడు. “నువ్వు కూడా వేశావా?”

“నువ్వు కూడా అంటే?”

“అంటే నేనూ… అదే వారం. తీద్దామని ఎప్పుడొచ్చినా నువ్వు స్టూలేసుకుని కోడిపెట్టలా కూచునుంటావు. ఆ నిచ్చెన మోసి మోసి నా భుజం పడిపోయింది.”

“నేను నాది తీయడానికే కూచున్నానురా సన్నాసీ. నువ్వు కదిలితేగా?”

అప్పుడు ఇద్దరూ వోషియే గారి వైపు తిరిగారు. ఆయన టోపీ తీసి, లోపల ఏదో రాసి ఉన్నట్టు చూసుకుంటున్నారు.

“మీరు కూడానా దొరా?” అన్నాడు అర్మాన్. “వేస్తే వేశారు, తాతగారి పేరు చెక్కినదా వేసేది?”

“ఈయన దీపం తెచ్చేలోపు చేతికి ఏది దొరికితే అదేగా వేయాలి,” అన్నారు వోషియే గారు. “అన్నట్టు నేను వేసింది ఆ వారం గురువారమండి. మీ ఇద్దరికంటే ముందు. ఒక్కటి వేస్తే మందు. చెడగొట్టినవి తర్వాతి రెండూ.”

“గురువారం పొద్దునా, సాయంత్రమా?” అంది బెర్తమ్మ.

ఆ తగాదా ఎంతసేపు సాగిందో చెప్పలేను. నేను బెంచీ మీద కూలబడ్డాను. మాటల మధ్య మిగతాది బయటపడింది. నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగనాడు బెర్తమ్మ వంటింట్లో పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, నేను పొయ్యి పక్కనే కూర్చుని ఆమెకు తీగల కత్తిరింపు గురించి చెబుతూనే ఉన్నానట. అర్మాన్ కుక్క ఏదో చచ్చినదానిలో పొర్లివచ్చి నా కుర్చీ కింద పడుకుంటే, కెఫే మొత్తం లేచిపోయినా నేను దాని తల నిమురుతున్నానట. అలా ఎవరికి వాళ్ళే కనిపెట్టారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెబితే నా పరువు పోతుందని, తనకొక్కరికే తెలుసుననుకుని, ముగ్గురూ వేరువేరుగా నా పీపాలు వాసన చూసి పోతున్నారు. ఏదైనా పుల్లబడితే ఏదో వంకన నా చెవిన వేయాలని వాళ్ళ ఉద్దేశం. నా కోసం కావలి కాసినవాళ్ళను నేను గొడ్డు చుట్టూ తిరిగేవాళ్ళని రాశాను. ఆ మొదటి ఉత్తరం కూడా పొయ్యిలో పెట్టు.

“మరి కౌలు సంగతి?” అని వోషియే గారిని అడిగాను.

ఆయన ఇబ్బందిగా దగ్గారు. “మీరు ఎప్పటికీ ఇవ్వరన్న ధైర్యంతో అడిగేవాణ్ణండి. మొన్న ఇస్తానంటే భయమేసింది. ఆ వాలు ఎక్కే కాళ్ళు నాకెక్కడివి?”

అప్పుడు లేచి నిలబడి, హాలులో అందరికీ వినబడేలా, నాకు వాసన తెలియడం లేదని చెప్పాను. జ్వరం దగ్గర్నుంచీ చెబుదామనుకున్నాను గాని రెండో వాక్యం దాకా రానివ్వలేదు.

“తెలుసులే,” అన్నాడు అర్మాన్. “ఈ బెంచీకి ఆ చివర పట్టుకో.”

పట్టుకున్నాను. అవతలి చివర వాడు భుజం నొప్పని తిడుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆ బెంచీ బరువే తెలియలేదు.

మూల పీపా వైను వోషియే గారి బట్టీకి పోతుంది. మరిగిస్తే రాగి అడుగునే ఉండిపోతుందట, సారా మాత్రం దిగుతుందట. దిగినది నాలుగు వాటాలు. ఇకమీద ముగ్గురూ వంకలు లేకుండా, వంతుల ప్రకారం, తలుపు తట్టి వస్తారు. వంతుల కాగితం నేనే రాసి తలుపుకు అంటించాను, నువ్వు నవ్వుతావని తెలుసు.

ఈ పొద్దున మొదటి వంతు బెర్తమ్మది. రేపు బల్ల మీద ఏ పీపా పెట్టాలో తేల్చాలి. రెండో పీపాలోంచి గ్లాసు నింపి ఇచ్చాను. ఆమె వాసన చూసి, “తాగొచ్చు,” అంది.

మన ఊళ్ళో పక్కవాడి వైను గురించి అంతకుమించి ఎవరూ అనరు. నా చెవులు ఆ మాట వినీ వినీ అరిగిపోయాయి. ఎవరి ముక్కు వాళ్ళకుండగా మాటలెందుకని అందరం అలాగే సరిపెట్టుకున్నాం.

“బెర్తమ్మా, నాకు అది చాలదు,” అన్నాను.

ఆమె గ్లాసు దించింది. “చెప్పడం నాకు చేతకాదురా,” అంది. స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“చెర్రీలు. పండు కాదు, ఆగు. గింజ కొరికితే వస్తుందే, ఆ చేదు వాసన. దాని వెనకాల తడిసిన ఉన్ని… ఉన్ని కాదు. మా ఆయన యుద్ధం నుంచి నడిచొచ్చిన రోజు వేసుకున్న కోటు. జేబులో పొగాకు పొడి, బయట వాన. మళ్ళీ పైకి చెర్రీలే వస్తున్నాయి.” కళ్ళు తెరిచింది. “చాలా? ఈ మాటలు ఆయన చేసిన వైనుకి కూడా అనలేదు నేను. అర్మాన్‌కి చెప్పావంటే ఊరుకోను.”

ఇన్నేళ్ళూ నేను చేసిన వైను ఎలా ఉంటుందో ఒకరు చెబుతుండగా వినడం ఇదే మొదటిసారి, సొలాంజ్. వాసన తిరిగి వచ్చిందని రాయడం లేదు, రాలేదు. కాని ఆమె చెబుతూ చెబుతూ ఉండగా, జ్వరం వచ్చిన తర్వాత మొదటిసారి, నా నోట్లో నీళ్ళూరాయి.

నీ ఎమిలియన్